ఎడమచేతి చరణం

శుభమే జరగాలి. ఒకవేళ నాకు జరగరానిది జరిగితే, ఇందులో రాసినట్టు జరగాలి.

తేనోస్ దీవిలో కొండవైపు కాపురమున్న ఎవ్దెమస్ కొడుకు తెలెసార్కస్ అనే నేను, వెల్లుల్లి మడులూ ద్రాక్షతోటలూ సాగుచేసుకుని బతికిన రైతును, నా బుద్ధి నిలకడగా ఉండగా, ఎవరూ బెదిరించకుండా, ఎవరూ బుజ్జగించకుండా, నా ఇష్టప్రకారం రాయిస్తున్న వీలునామా ఇది. కాళ్ళు నా మాట వినడం మానేశాయి. వీలునామాకు కావలసింది తలకాయే కనుక, కాళ్ళ సాకు చూపించి దీన్ని కొట్టేయమని ఎవరూ ఊరి మండలిలో వాదించకూడదు. ఈ మాట ముఖ్యంగా మా బావమరిది గోర్గస్ కోసం రాయిస్తున్నాను.

నా భార్య నాకంటే ముందే వెళ్ళిపోయింది. మా ఒక్కగానొక్క కొడుకు దెక్సిలస్ నీటికాలువ గొడవలో చనిపోయాడు. ఇక నా రక్తంలో మిగిలింది మా తమ్ముడి కొడుకు కల్లిప్పస్ ఒక్కడే. అందువల్ల ఈ ఆస్తికి వారసుణ్ణి నేనే ఏర్పాటు చేసుకోవాలి. ముందు చిన్నచిన్నవి తేల్చేస్తాను. పెద్దదానికి కాస్త ఊపిరి కూడగట్టుకోవాలి.

ఒకటవ అంశం. నన్ను మా కొడుకు సమాధికి ఉత్తరం పక్కన పాతిపెట్టాలి. తేనోస్ ఉత్తరగాలి సంగతి మీకు చెప్పక్కర్లేదు. అది ముందు నాకు తగిలి, ఆ తరవాతే వాడి దగ్గరకు పోవాలి. కూలికి ఏడ్చేవాళ్ళను పిలవొద్దు. త్రత్త ఏడిస్తే చాలు. ఆమె ఏడవకపోయినా నాకు పట్టింపు లేదు. రాతి మీద నా పేరు, మా నాన్న పేరు చెక్కించండి. పొగడ్తలు చెక్కించొద్దు. ఉప్పుగాలి రాతిని కూడా తినేస్తుంది. మా తాత పేరులో ఇప్పటికే సగం అక్షరాలు పోయాయి. నోట్లో నిలిచిందే నిలుస్తుంది. ఈ సంగతి నాకు ఒక కవి నేర్పాడు.

రెండవ అంశం. మా ఇంటి దాసి త్రత్త ఈ వీలునామా చదివిన రోజు నుంచి స్వతంత్రురాలు. ఆమె పేరేమిటో మేము ఎప్పుడూ అడగలేదు. థ్రేస్ నుంచి వచ్చింది కాబట్టి అందరిలాగే త్రత్త అన్నాం. ఇప్పుడు తన పేరు తను చెప్పుకోవచ్చు. దిగువ గదీ, అంజూరచెట్టూ, తిరగలీ ఆమెవి. వీటితోపాటు కవి థియోదమస్ పోతూ నాకు వదిలిన ఊదారంగు అంగీ కూడా ఆమెకే ఇస్తున్నాను. ఉత్సవంనాడు కవి ఆ అంగీ వేసుకుని, తలకు లారెల్ ఆకుల దండ చుట్టుకుని నిలబడితే, పూజారి కూడా ఒక అడుగు వెనక్కి తగ్గేవాడు. అలాంటి అంగీని దాసికి ఇస్తావా అని అడిగేవాళ్ళు ఉంటారు. దెక్సిలస్‌ను ఎత్తుకుని పెంచింది ఆమె. కవి మా ఇంటికొచ్చినప్పుడు నాకంటే ముందు ఆమె దగ్గరే కూర్చుని, ఆమె బార్లీ విసురుతుంటే మా వాడి సంగతులు అడిగాడు. ఆమె ఆ అంగీని పెట్టెలో దాచకూడదు. చలికాలం కప్పుకోవాలి.

మూడవ అంశం. మా బావమరిది గోర్గస్‌కు నా బీటలువారిన నూనె జాడీ ఇస్తున్నాను. నూనె పోసుకుని చూసుకోమనండి.

ఇది ఎందుకో గోర్గస్‌కు తెలుసు, అయినా మిగతావాళ్ళ కోసం రాయిస్తున్నాను. థియోదమస్ లెబెదోస్ ఊరివాడు. దెలోస్‌లో అపోలో దేవుడి ఉత్సవానికి పాట కట్టడానికి వెళుతూ, ఉత్తరగాలికి పడవ కదలక మా రేవులో చిక్కుకున్నాడు. కవి ఊళ్ళోకి వచ్చాడని తెలియగానే పెద్దలు ఆచారం ప్రకారం ఊరి పొయ్యి దగ్గర ముందు పీట వేశారు, ఎద్దు వెన్నుమాంసం వడ్డించారు. మాలో ఆ ముక్క రాజులుంటే రాజులకు, లేకపోతే కవులకు. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అన్నట్టు గోర్గస్ ఒక్కడికే అది నచ్చలేదు. "కుమ్మరి మట్టి పిసుకుతాడు, వీడు మాటలు పిసుకుతాడు. పైగా పొగిడినందుకు కూలి కూడా పుచ్చుకుంటాడు. వీడికి ముందు పీట ఏంటి, మనం వెనక నిలబడ్డం ఏంటి?" అన్నాడు, అందరికీ వినపడేలా.

థియోదమస్ కోపం తెచ్చుకోలేదు. నోట్లో ముక్క నమిలి మింగాడు. "నిజమేనయ్యా. కుండ పగిలితే నీ నూనె పోతుంది. పాట పోతే మీ తాత పోతాడు" అన్నాడు. గోర్గస్ తాత ఒకప్పుడు ఈ రేవుకు గోడ కట్టించినవాడు. ఆయన పేరు అక్కడున్నవాళ్ళలో ఒక్కరికీ గుర్తురాలేదు. గోర్గస్‌కు కూడా రాలేదు. ఆ పూట అతను ఇంకేమీ తినకుండా లేచి వెళ్ళాడు.

అప్పటి నుంచీ నేను ఈ విషయం ఆలోచిస్తూనే ఉన్నాను. మా దీవిని ఏలినవాళ్ళు ఉన్నారు. ఓడలు కట్టించినవాళ్ళు ఉన్నారు. వాళ్ళకు పన్నులు కట్టిన ముసలివాళ్ళకే వాళ్ళ పేర్లు తడుముకుంటే తప్ప రావు. గాలికి చిక్కుకుని వచ్చిన ఒక పరాయివాడి పేరు మాత్రం ఇక్కడ పాలు మరిచిన ప్రతి బిడ్డకూ తెలుసు. జ్ఞాపకాల తల్లి కన్న కూతుళ్ళు, ఆ కళాదేవతలు, ఎవరి నాలుక మీద కూర్చోవాలో ఎలా ఎంచుకుంటారో నాకు తెలియదు. ఆ మనిషి పొట్టివాడు, బట్టతల, అంజూరపళ్ళంటే ప్రాణం. మా వెల్లుల్లి తిన్న రోజున గానబృందం ఆయనకు ఆమడ దూరంలో నిలబడేది. అలాంటివాడి నోట్లోంచి అలాంటి మాట ఎలా వస్తుందా అని నేను ఇప్పటికీ ఆశ్చర్యపోతూనే ఉన్నాను.

నాల్గవ అంశం. థియోదమస్ ఇక్కడే ముసలివాడై ఇక్కడే పోయాడు. సముద్రదేవుడు పోసైడన్ గుడి దారిలో ఊరు ఆయనకు సమాధి కట్టింది. ఏటా ఉత్సవానికి ముందు అక్కడ ద్రాక్షరసం ధార పోయాలి, తేనె రొట్టె పెట్టాలి, నా మడుల్లోంచి ఒక వెల్లుల్లి జడ కట్టాలి. వీరులుగా కొలిచేవాళ్ళకు వెల్లుల్లి పెట్టే ఆచారం లేదని పూజారి అంటాడు. ఆచారం లేకపోతే మా ఇంటి నుంచే మొదలవుతుంది. ఉత్సవం జరిగే మైదానంలో మొదటి రాతిపీట ఆయనది. దాని మీద దండ వేసి ఖాళీగా ఉంచాలి. ఒక ఏడు రేవు సుంకం వసూలుదారు వచ్చి దాని మీద కూర్చున్నాడు. లెమ్మని మర్యాదగా చెప్పాను, వినలేదు. అతని పక్కనే ఇరుక్కుని కూర్చుని ఉత్సవం అయ్యేదాకా వెల్లుల్లి నమిలాను. ఆ తరవాత ఎవరూ ఆ పీట జోలికి రాలేదు. నా వారసుడికి కూడా ఈ ఉపాయం పనికివస్తుంది.

ఐదవ అంశం. ఇది ఆస్తి కాదు గానీ, ఆస్తి అంతా దీని మీదే నిలబడి ఉంది కనుక వివరంగా రాయిస్తున్నాను. చదివేవాళ్ళు తొందరపడొద్దు.

కొండ ఊట నుంచి దిగే కాలువ నీళ్ళు మేము మడులకు మళ్ళించుకుంటున్నామని రేవువాళ్ళు అనేవాళ్ళు. వాళ్ళు ఓడలకు అమ్ముకుంటున్నారని మేము అనేవాళ్ళం. ఇద్దరమూ నిజమే చెప్పాం. ఎండలు ముదిరిన ఒక రోజు కాలువ గట్టు మీద మాటా మాటా పెరిగి, రాళ్ళు లేచి, ఈటెలు లేచాయి. అవతలి వైపు ముందు నిలబడ్డది రేవు పెద్ద ఫనోదికస్ కొడుకు అల్కిమస్. ఇవతలి వైపు ముందు నిలబడ్డది మా దెక్సిలస్. అల్కిమస్‌ది ఎడమచేతి వాటం. డాలు ఎడమవైపు పట్టుకుంటాం కదా, ఎడమచేతి నుంచి వచ్చిన ఈటెకు మా వాడి కుడిపక్క అడ్డమేమీ లేకపోయింది. మా వాడు విసిరింది కూడా గురి తప్పలేదు. ఇద్దరూ ఆ కాలువలోనే పడ్డారు. ఆ పూట దిగువకు వెళ్ళిన నీళ్ళు ఎవరూ తాగలేదు.

ఆ తరవాత రెండు వైపులా మనుషులు రాళ్ళు పట్టుకుని గట్టు కాశారు. ఎవరు నీళ్ళకు దిగినా చావే. ఫనోదికస్ ఇంట్లో ఒకణ్ణి చంపితే తప్ప మా ఇంటి పరువు నిలవదని మా తమ్ముడు అనేవాడు. అక్కడ వాళ్ళు కూడా మా గురించి అదే అనుకుంటున్నారని మాకు తెలుసు. అలాంటి సమయంలో థియోదమస్ ఒక కూజా పట్టుకుని రెండు గట్ల మధ్య నుంచి నడుచుకుంటూ కాలువలోకి దిగాడు. కవినీ, చాటింపు వేసేవాణ్ణీ, గుడి మెట్టు పట్టుకున్నవాణ్ణీ ముట్టుకోకూడదని మా వాళ్ళకు ఉగ్గుపాలతోనే చెబుతారు. ఎత్తిన చేతులన్నీ దిగాయి. ఆయన నిదానంగా కూజా నింపుకుని, కడుపునిండా తాగి, మా గట్టు ఎక్కి, నా పక్కన నిలబడ్డాడు. నేను ఒక్క మనిషిని చూసి భయపడింది ఆ రోజే. ఆయన చేతిలో కూజా తప్ప మరేమీ లేదు.

తరవాత రోజుల్లో ఆయన మా ఇంటికి వచ్చి, మా దెక్సిలస్ గురించి అడగడం మొదలుపెట్టాడు. యుద్ధం గురించి ఒక్క మాట అడగలేదు. ఎలా నడిచేవాడు, ఏం తినేవాడు, అమ్మతో దేనికి పేచీ పెట్టేవాడు, ఇవే అడిగాడు. వాడు గాలికి ఎదురు నడిచేటప్పుడు టోపీ ఎగిరిపోకుండా చేత్తో నెత్తిన అదిమిపట్టుకుని, ఈల వేసుకుంటూ వచ్చేవాడని చెప్పాను. చెప్పి ఏడ్చాను. ఈయన మా కొడుకు మీద పాట కడుతున్నాడు, మా వాడు బతుకుతాడు అనుకున్నాను. నాకు అంతకంటే కావలసింది ఏమీ లేకపోయింది.

పాట కట్టడం అయ్యాక నన్ను కూర్చోబెట్టి ఒక చరణం నేర్పాడు. అందులో మా వాడి పేరు లేదు. అల్కిమస్ పేరు ఉంది. తెల్లవారుజామున పడవ అంచు మీద నిలబడి, ఎడమ చేత్తో వల విసిరిన అల్కిమస్. చిన్న చేపలను తిరిగి నీళ్ళలోకి వదిలి, తల్లిని ఆటపట్టించిన అల్కిమస్. నేను లేచి నిలబడ్డాను. నా కొడుకు సంగతులన్నీ నీకు చెప్పాను, వాణ్ణి చంపినవాడి పాట నాకు నేర్పుతావా అని అడిగాను. ఆయన ఒళ్ళో ఉన్న వీణ బిరడాలు బిగించుకుంటూ తల ఎత్తకుండానే జవాబు చెప్పాడు. ఆ మాటలు ఆయన అన్నవి అన్నట్టే రాయిస్తున్నాను.

"నీ కొడుకుని అక్కడ ఫనోదికస్ నేర్చుకుంటున్నాడు, తెలెసార్కా. నువ్వు నోరు తెరవకపోతే వాడూ తెరవడు. నీ కొడుకు వాడి నోట్లో ఉన్నాడు, వాడి కొడుకు నీ నోట్లో ఉన్నాడు. ఇక ఎవణ్ణి చంపుకుంటారో చంపుకోండి."

తరవాత కనీసం ఆ ఎడమ చెయ్యి అన్న మాట తీసేయమని బతిమాలాను. మా వాడి పక్కలో దిగింది ఆ చెయ్యి విసిరిన ఈటే కదా అన్నాను. ఆయన అప్పుడు తలెత్తాడు. "వల విసిరిందీ ఆ చెయ్యే, ఈటె విసిరిందీ ఆ చెయ్యే. సగం చెయ్యిని పాడటం నాకు రాదయ్యా" అన్నాడు.

పోసైడన్ ఉత్సవం నాడు రెండు వైపుల నుంచీ సమానంగా మనుషులను తీసుకుని, ఒకే బృందంగా బలిపీఠం ముందు నిలబెట్టాడు. మా చరణం పాడుతూ బృందం పీఠానికి ఎడమ నుంచి కుడికి అడుగులు వేస్తుంది. వాళ్ళ చరణం పాడుతూ అవే అడుగులతో వెనక్కి వస్తుంది. రెండింటి వరుస ఒకటే. ఒక ఇంటివాళ్ళు పాడకపోతే, బృందంలోవాళ్ళందరూ బలిపీఠానికి అవతల, ఆగకూడని చోట, కాలు ఎత్తడానికి లేకుండా అలాగే నిలబడిపోతారు. దేవుడి ఎదుట ఊరిని అలా నిలబెట్టి వెళ్ళిపోయే ధైర్యం ఎవరికి ఉంటుంది?

నేను పాడాను. ఎడమ చెయ్యి అన్న మాట దగ్గర కూడా ఆగకుండా పాడాను. ఎదురుగా ఫనోదికస్ భార్య మిక్క, అల్కిమస్ తల్లి, ముసుగు నోటికి అడ్డం పెట్టుకుని వింటోంది. నేను ఎడమ చేత్తో అన్నప్పుడు ఆమె కళ్ళు మూసుకుంది. తరవాత బృందం వెనక్కి తిరిగింది. ఫనోదికస్ నోరు తెరిచాడు. గాలికి ఎదురు నడుస్తూ, టోపీని చేత్తో అదిమిపట్టి, ఈల వేసుకుంటూ మా దెక్సిలస్ వచ్చాడు. నేను చూశాను. ఎవరేమనుకున్నా సరే, నేను వాణ్ణి చూశాను. నా పగవాడి నోట్లోంచి నా కొడుకు నడిచి బయటికి రావడం చూసినవాణ్ణి నేను. దేవుళ్ళు ఇంతకంటే పెద్ద పని చేయగా నేను చూడలేదు.

ఆ సాయంత్రం రెండు వైపులవాళ్ళూ కాలువకు దిగి నీళ్ళు తోడుకున్నారు. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు కదా. ఊరు ఏమీ మంచిదైపోలేదు, తిట్లు ఆగలేదు, వాళ్ళు మా వెల్లుల్లిని వెక్కిరించడం మానలేదు, మేము వాళ్ళ ఎండుచేపల కంపును తిట్టడం మానలేదు. కానీ ఈటె ఎత్తినవాడు లేడు. ఎత్తబోయే ముందు ప్రతివాడికీ, అవతలివాడి నోట్లో మనవాడు ఉన్నాడు కదా అన్న సంగతి గుర్తుకొస్తుంది. మండలి చట్టం చేసి ఆపలేనిది, జరిమానాలు వేసి ఆపలేనిది, బట్టతల మనిషి రెండు చరణాలతో ఆపాడు. అందుకే ఆయనకు ముందు పీట. గోర్గస్‌కు ఇప్పటికైనా తెలిసిందో లేదో నాకు తెలియదు.

ఆరవ అంశం. థియోదమస్ తాబేటిచిప్ప వీణ నా దగ్గరే ఉంది. దాన్ని గుడిలో వేలాడదీయమని పూజారి అడిగాడు. వేలాడదీస్తే సాలెపురుగులు వాయిస్తాయి. దాన్ని మిక్క మనవరాలికి ఇస్తున్నాను. ఆ పిల్ల దెలోస్ ఆడపిల్లల బృందంలో పాడబోతోందని విన్నాను. నరాల తీగెలు కొత్తవి వేయించాను. మూడో బిరడా వదులవుతుంది, మైనం రాసి బిగించుకోవాలి.

ఏడవ అంశం. ఇక వారసుడు.

మా తమ్ముడి కొడుకు కల్లిప్పస్‌ను ఈ వీలునామా ద్వారా దత్తు తీసుకుంటున్నాను. ఇల్లు, మడులు, ద్రాక్షతోటలు, గానుగ, ఎడ్లు అతనివి. అయితే ఒక షరతు. నా తరవాత వచ్చే మొదటి పోసైడన్ ఉత్సవంలో మా ఇంటి చరణం అతను ముందు నిలబడి పాడాలి. పూర్తిగా పాడాలి. ఎడమ చేత్తో అన్న మాటను మింగకుండా, మార్చకుండా, గాలికి వదిలేయకుండా, మూడు వీధుల అవతలికి వినపడేలా పాడాలి. పాడకపోతే దత్తత చెల్లదు. ఆస్తి మొత్తం పోసైడన్ గుడికి పోతుంది, చరణం మాత్రం కొండవైపు ఎవరు పాడటానికి ముందుకొస్తే వాళ్ళకు పోతుంది.

ఈ షరతు ఎందుకు పెట్టానో రాయించకపోతే నేను కల్లిప్పస్‌కు అన్యాయం చేసినట్టే. అతను మంచివాడు. పనిలో నాలుగు చేతులున్నట్టుంటాడు. దెక్సిలస్, అతనూ ఒకే దుప్పటి కింద పడుకుని పెరిగారు. కాలువ దగ్గర దెక్సిలస్‌ను చేతుల మీద మోసుకొచ్చింది అతనే. నా కాళ్ళు పడిపోయాక చరణం నేర్చుకోమన్నాను. వరుస నేర్చుకున్నాడు, అడుగులు నేర్చుకున్నాడు, ఆ మాట దగ్గర ఆగిపోయాడు. "పెదనాన్నా, ఆ చెయ్యే కదా మనవాణ్ణి చంపింది. దాన్ని పొగడమంటావా? నా వల్ల కాదు" అన్నాడు. కుడి చేత్తో అని పాడతాను, వల ఏ చేత్తో విసిరితే ఏమిటి, ఎవరికి తెలుస్తుంది అన్నాడు. తల్లికి తెలుస్తుంది అన్నాను. అతను గునపం తీసుకుని మడిలోకి వెళ్ళిపోయాడు. అప్పటి నుంచి మా ఇద్దరి మధ్యా మాటల్లేవు. అన్నం గిన్నె తెచ్చి నా పక్కన పెడతాడు, మొహం అటు తిప్పుకుంటాడు.

నేను అతని మీద కోపంతో ఇది రాయించడం లేదు. భయంతో రాయిస్తున్నాను. గత ఉత్సవంలో నేను మంచం దిగలేకపోయాను. మంచం మీదే నన్ను మోసుకెళ్ళి పీఠం దగ్గర దించారు, పడుకునే పాడాను. వచ్చే ఉత్సవానికి నేను ఉండను. మా చరణం అబద్ధమైతే వాళ్ళ చరణం మూగబోతుంది. అప్పుడు దెక్సిలస్ రెండోసారి చనిపోతాడు. ఈసారి వాణ్ణి చంపేది అవతలి గట్టువాళ్ళు కాదు, వాణ్ణి అందరికంటే ఎక్కువగా ప్రేమించినవాడే చంపుతాడు. కల్లిప్పస్, నాయనా, ఇది చదివించుకుంటున్నప్పుడు ఈ వాక్యాన్ని రెండుసార్లు చదివించుకో.

ఎనిమిదవ అంశం. ఈ వీలునామాను అమలు జరిపే పెద్దగా రేవువైపు ఫనోదికస్‌ను పెడుతున్నాను. ఆయనకు చెవులు పోయాయి, కాబట్టి చరణం సరిగ్గా పాడారా లేదా అన్న తీర్పు ఆయనది కాదు. ఆ తీర్పు మిక్కది. ఆడవాళ్ళ మాట మండలిలో చెల్లదని గోర్గస్ అంటాడు. మండలిలో ఏం చెల్లుతుందో ఏం చెల్లదో నేను తేల్చడం లేదు. ఆ చరణంలో ఉన్నవాణ్ణి కన్నది ఆమె. ఆమె తల ఊపితే పాడినట్టు, ఊపకపోతే పాడనట్టు.

తొమ్మిదవ అంశం. దెక్సిలస్ ఉన్ని టోపీ నా తలగడ కింద ఉంది. దాన్ని ఫనోదికస్‌కు ఇవ్వండి. ఇన్నేళ్ళుగా ఆ టోపీని పాడాడు గానీ, ఆయన దాన్ని ఎప్పుడూ చూడలేదు. చూడటానికి ఏమంత గొప్పగా ఉండదు, అంచు కొరికేసి ఉంటుంది. అది మా వాడి అలవాటు.

అనుబంధం, అదే రోజు, ఎండ దిగుతుండగా రాయించింది.

పై అంశాలన్నీ సాక్షుల ముందు చదివించాను. నూనె జాడీ సంగతి విని గోర్గస్ నవ్వాడు. జాడీ తీసుకుంటానన్నాడు. తాత పేరు కవి ఆ మాట అన్న తరవాత రేవు గోడ మీద వెతికి చూసుకున్నాడట, గాలి తినేసిందట. ఇన్నేళ్ళకు ఆ మాట చెప్పాడు. ఫనోదికస్ టోపీని రెండు చేతుల్లో పట్టుకుని, కొరికిన అంచును బొటనవేలితో తడుముతూ కూర్చున్నాడు. మిక్క సాక్షి కాదు కనుక గడప అవతల నీడలో కూర్చుంది. కల్లిప్పస్‌ను పిలిచాం, రాలేదు. గోడ అవతల మడిలో గునపం చప్పుడు వినిపిస్తూనే ఉంది.

ఏడవ అంశం చదివేటప్పుడు గునపం చప్పుడు ఆగింది. కిటికీకి తలుపు లేదు కదా, అతను విన్నాడు. తరవాత మా చరణం వినపడింది. నెమ్మదిగా, తనకోసం పాడుకుంటున్నట్టుగా. పడవ అంచు వచ్చింది, తెల్లవారుజాము వచ్చింది. ఆ చోటుకు వచ్చేసరికి కుడి చేత్తో అని పాడాడు.

మిక్క లేచింది. ఆమెకు కూడా మోకాళ్ళు బాగాలేవు. గోడ పట్టుకుని మడి వైపు వెళ్ళి నిలబడింది. "ఎడమ చేత్తో, నాయనా" అంది. కోపంగా అనలేదు. అన్నం తినే పిల్లవాడికి చెయ్యి మార్చుకోమని చెప్పినట్టు అంది. "చిన్నప్పుడు నేను ఎన్నిసార్లు తిట్టినా మార్చుకోలేదు వాడు. నువ్వు మార్చకు."

అతను పాట ఆపేశాడు. నా పక్కన రాస్తున్నవాడు కూడా కలం ఎత్తి పట్టుకున్నాడు. ఇక ఈ ఇల్లూ ఈ మడులూ గుడికే పోతాయి అనుకున్నాను. అప్పుడు కల్లిప్పస్ చరణాన్ని మళ్ళీ మొదటి నుంచి ఎత్తుకున్నాడు. ఈసారి గొంతు పైకి వచ్చింది. ఎడమ చేత్తో అని పాడాడు. ఆగకుండా చివరిదాకా పాడాడు.

ఫనోదికస్‌కు ఇదేదీ వినపడదు. కానీ గుమ్మంలోంచి మిక్క మొహం కనపడింది ఆయనకు. మా చరణం అయిపోయిందని ఆ మొహం చూసి తెలుసుకున్నాడు. టోపీ ఒళ్ళో పెట్టుకుని వాళ్ళ చరణం అందుకున్నాడు. వరుస కొంచెం తప్పింది, చెవులు లేవు కదా. గాలికి ఎదురు నడుస్తూ, టోపీ అదిమిపట్టి, ఈల వేసుకుంటూ మా దెక్సిలస్ వాకిట్లోకి వచ్చాడు.

షరతు కొట్టేయడం లేదు. ఉత్సవంలో ఊరందరి ముందూ పాడాల్సిందే. నాకు మాత్రం ఇక భయం లేదు. ఈ రాత్రి కల్లిప్పస్ అన్నం తెచ్చినప్పుడు నా దగ్గర కూర్చుని తినాలి. ఇది షరతు కాదు, కోరిక.

మెనెక్రతస్ ఏలుబడి ఏడాది, పోసైడన్ నెల, చంద్రుడు నిండటానికి ముందు రోజు. ఒక ప్రతి గుడి పూజారి దగ్గర, ఒక ప్రతి ఫనోదికస్ దగ్గర ఉంచడమైనది.

ఎవ్దెమస్ కొడుకు తెలెసార్కస్, నా చేతి గుర్తు, నా ఉంగరం ముద్ర.

సాక్షులు:
రేవువైపు ఫనోదికస్.
కొండవైపు గోర్గస్, జాడీ పుచ్చుకున్నవాడు.
పోసైడన్ గుడి పూజారి ప్రోతియస్.

సాక్షి కాదు, విన్నది: అల్కిమస్ తల్లి మిక్క. తల ఊపింది.